ఏడును ‘ఆరున్నొకటి’ అంటే పిచ్చా?

ప్రశ్న: నా వయసు 64. మాది రాజమండ్రి. మావారు పోయి రెండేళ్ళయింది. అప్పటినుంచి హైదరాబాద్‌లో అబ్బాయి దగ్గర ఉంటున్నాను. కోడలు ఉద్యోగం చేస్తుంది. మంచిపిల్ల, ఏనాడూ నన్ను ఒక్క మాట అనలేదు. వంట చాలావరకు నాదే. చిక్కల్లా నా అలవాట్లతోనే.

బియ్యం బస్తా డ్రమ్ములో పోసేటప్పుడు డబ్బాతో కొలిచి పోస్తాను. అప్పుడు ‘ఒకటి’ అనను, ‘లాభం’ అంటాను. ఏడు దగ్గర ‘ఆరున్నొకటి’ అంటాను. తొమ్మిదేళ్ళ మనవడు ఇది స్కూల్లో చెప్పి అందరినీ నవ్వించాడట. ఉప్పు ఎవరి చేతికీ ఇవ్వను, కింద పెడితే తీసుకోవాలి. వండేటప్పుడు రుచి చూడను, వాసన చూసే ఉప్పు సరిపోయిందో లేదో చెప్పేస్తాను. కూర కలిపాక గరిటె గిన్నె అంచుకు మూడుసార్లు కొట్టకపోతే పని అయినట్టుండదు. బియ్యం ఐదారుసార్లు, నీళ్ళు తేటపడేదాకా కడుగుతాను. ఆవకాయ జాడీ నేను తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. గారెలు వేసిన నూనె పారబోయను, డబ్బాలో పోసి పదిరోజులు కూరల్లోకి వాడతాను. రాత్రి మిగిలిన అన్నం గట్టు మీదే మూతపెట్టి ఉంచి పొద్దున్న పులిహోర కలిపేస్తాను. పనమ్మాయి టీ గ్లాసు వేరే, బాల్కనీ గ్రిల్‌లో పెడతాను. ఇవన్నీ మా అత్తగారి దగ్గర నేర్చుకున్నవే.

గ్యాస్ కట్టేశానో లేదో అని రాత్రి నాలుగైదుసార్లు లేచి చూస్తాను. గుడికి బయల్దేరి లిఫ్ట్ దాకా వెళ్ళి వెనక్కి వచ్చిన రోజులున్నాయి. మావారున్నప్పుడు రెగ్యులేటర్ ఆయనే కట్టేసేవారు. కిందటి వారం రాత్రి ఒంటిగంటకు లైటు వేస్తే అబ్బాయి లేచి విసుక్కున్నాడు. పొద్దున్న కోడలు మెల్లగా ‘అత్తయ్యా, ఒకసారి డాక్టర్‌కు చూపిద్దామా’ అంది. ఆ మాట నాకు గుచ్చుకుంది. మరి తను గారెలు న్యూస్‌పేపర్ మీదకు తీస్తుంది, గరిటెతో రుచి చూసి అదే గరిటె మళ్ళీ గిన్నెలో పెడుతుంది. దాన్నెవరూ వింత అనరు. నాకు నిజంగా పిచ్చా? వీటిలో ఏవి మానుకోవాలి?

- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అక్కయ్యగారూ,

మీకంటే నాలుగేళ్ళు చిన్నదాన్ని, అందుకే ఈ పిలుపు. పిచ్చి సంగతి ముందే తేల్చేద్దాం. మీకు పిచ్చి లేదు. నలభై ఏళ్ళు పొయ్యి ముందు నిలబడ్డ ఏ మనిషికైనా ఇలాంటివి ఓ డజను ఉంటాయి. సొంత ఇంట్లో ఉన్నన్నాళ్ళూ వాటిని చూసేవాళ్ళుండరు. ఇంకో ఆడమనిషి తిరిగే వంటింట్లో అడుగుపెట్టినప్పుడే అవి ఒక్కొక్కటిగా బయటపడతాయి.

నా సంగతి వినండి. నేను కుక్కర్ విజిల్స్ పైకి లెక్కపెడతాను, ఫోన్‌లో ఎవరున్నా సరే. ఒకసారి మా వియ్యపురాలు వాళ్ళ నాన్నగారి గుండె ఆపరేషన్ గురించి చెబుతుంటే మధ్యలో ‘మూడు’ అన్నాను. ఆవిడ ఆగి, ‘మూడు కాదు వదినగారూ, రెండే స్టెంట్లు’ అంది. తీరా చూస్తే కుక్కర్‌తో వచ్చే పుస్తకంలో విజిళ్ళ లెక్కే ఉండదు. మొదటి విజిల్ వచ్చాక మంట తగ్గించి ఎన్ని నిమిషాలు ఉంచాలో రాసి ఉంటుంది. అది చదివాక కూడా లెక్కపెడుతూనే ఉన్నాను. కాబట్టి ఈ జవాబు రాస్తున్నది ఏ అలవాటూ లేని మనిషి అనుకోకండి.

మీ ఉత్తరం రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. ఒక్కో అలవాటు పక్కన ఒకటే ప్రశ్న రాసుకున్నాను: దీని ఖర్చు ఎవరు భరిస్తున్నారు? వింతగా ఉందా లేదా అన్నది నాకు అనవసరం. ఎవరికీ ఖర్చు లేకపోతే అది ఎంత వింతగా ఉన్నా మీ సొంతం, ఉంచుకోండి. ఇంట్లో ఇంకొకరి ఒంటికో నిద్రకో మర్యాదకో ఖర్చవుతుంటే మాత్రం మాట్లాడుకోవాల్సిందే.

‘లాభం’ పక్కన సున్నా రాశాను. కళ్ళంలో ధాన్యం కొలిచేవాళ్ళు మొదటి కుంచానికి ‘లాభం’ అనే అనేవారు, కొన్ని కొట్లలో ఇప్పటికీ వినిపిస్తుంది. ఇంట్లోకి గింజ వచ్చే వేళ ‘ఏడు’ అనే మాట పలకడం ఇష్టంలేక ఆరున్నొకటి అన్నారు, అంతే. ఇందులో నవ్వుకోడానికి ఉంది, సిగ్గుపడటానికి ఏమీ లేదు. మనవడు మరీ ఏడిపిస్తే ఈసారి పెద్ద అపార్ట్‌మెంట్‌కో హోటల్‌కో వెళ్ళినప్పుడు లిఫ్ట్‌లో 13 నంబరు ఉందో లేదో చూడమనండి. చాలాచోట్ల 12 తర్వాత 12ఏ అనో, ఏకంగా 14 అనో ఉంటుంది. కోట్లు పోసి కట్టినవాళ్ళే ఒక అంకెకు భయపడినప్పుడు, బియ్యం డబ్బాతో మీరు భయపడితే తప్పేముంది?

ఉప్పు, గరిటె సంగతి కూడా అంతే. ఉప్పు చేతికిస్తే తగువులొస్తాయని మా ఇంట్లోనూ అనేవారు. కింద పెట్టి ఇచ్చినా మా ఇంట్లో తగువులు బాగానే వచ్చాయి. గరిటె మూడుసార్లు కొట్టడం మాత్రం మానకండి. మీ ఇంట్లోవాళ్ళకు అది కంచాలు పెట్టుకోమని గంట అయ్యుంటుంది, ఒక పూట కొట్టకుండా చూడండి, ఎవరో ఒకరు అడుగుతారు.

ఆవకాయ దగ్గర మీరు పూర్తిగా రైటు. ఏడాదిపాటు ముక్క చెడకుండా ఉండటానికి కారణం ఉప్పు, మామిడి పులుపు, పైన తేలే నూనె. ఈ మూడూ కలిసి క్రిములకు, బూజుకు చోటు లేకుండా చేస్తాయి. తడి గరిటె ఒక్కటి దిగితే ఆ చుట్టూ ఉప్పు పలచబడుతుంది, నూనె కింద నీటిచుక్క నిలుస్తుంది, బూజు అక్కడే మొదలవుతుంది. జాడీ మూతికి గుడ్డతో వాసెన కట్టడం, జాడీ ఎండలో పెట్టి ఆరబెట్టడం, పొడిచేత్తో మాత్రమే తీయడం, వీటిలో ఒక్కటి కూడా చాదస్తం కాదు. కాకపోతే చిన్న మాట. ‘తడిచేత్తో ముట్టుకోకూడదు’ అనేది నియమం. ‘నేను తప్ప ఎవరూ ముట్టుకోకూడదు’ అనేది పెత్తనం. మొదటిదాన్ని మీ కోడలు సంతోషంగా ఒప్పుకుంటుంది. రెండోదానికే లోపల ఎక్కడో కాలుతుంది, అది తన ఇల్లు కూడా కదా. వారానికి సరిపడా చిన్న సీసాలోకి తీసి బల్లమీద పెట్టేయండి. ఆ సీసాలో వాళ్ళేం చేసినా చూడనట్టు ఉండండి. పెద్ద జాడీ మీదే.

ఇక బియ్యం కడగడం. దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే ఇది మీ గోదావరి కథ కూడా. మీ అత్తగారి రోజుల్లో బియ్యం మిల్లు నుంచి తవుడు, ఇసుక, మట్టిబెడ్డలు, వడ్లగింజలతో కలిసి వచ్చేవి. చెరగాలి, ఏరాలి, గాలించాలి, ఆ తర్వాత కడగాలి. ఐదుసార్లు కడిగితే గానీ నీళ్ళు తేటపడేవి కావు. ఆ కడుగు కూడా కుడితి తొట్టిలోకి పోయి గేదె పాలుగా తిరిగొచ్చేది. ఇప్పుడు మీ అబ్బాయి తెచ్చే బస్తా రాళ్ళు తీసి, మెరిసేలా పాలిష్ పట్టి వస్తుంది. ఆ పాలిష్‌లో తవుడుతోపాటు బి1 విటమిన్ చాలావరకు పోతుంది. అది నీళ్ళలో కరిగే విటమిన్, కాబట్టి మిగిలిన కాస్తా మీ మూడో కడుగు, నాలుగో కడుగుతో సింకులోకి పోతుంది. గంజి వార్చి పారబోస్తే ఇంకా కొంత.

వందేళ్ళ కిందట సర్కారు జిల్లాల్లో, అంటే మీ గోదావరి ఉన్న కోస్తాలో, బెరిబెరి బాగా ఉండేది. కాళ్ళు తిమ్మిరెక్కి, వాచి, గుండె దెబ్బతినే జబ్బు. మర పట్టిన పచ్చిబియ్యమే ప్రధానంగా తినేవాళ్ళకు ఎక్కువగా వచ్చేది. ఉప్పుడు బియ్యం తినేవాళ్ళకు అంతగా రాలేదు, ఎందుకంటే వడ్లను ఉడకబెట్టినప్పుడు పైపొరలోని బి1 గింజ లోపలికి దిగుతుంది. ఈ జబ్బు మీద పరిశోధన కోసం 1918లో రాబర్ట్ మెకారిసన్ అనే డాక్టరు నీలగిరి కొండల్లోని కూనూరులో ఒక్క గదిలో పని మొదలుపెట్టాడు. ఆ గదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. 1969 నుంచి దాన్ని జాతీయ పోషకాహార సంస్థ అంటున్నారు. తార్నాక వైపు వెళ్ళినప్పుడు మనవడికి చూపించండి, మామ్మ కడిగే బియ్యానికీ ఆ భవనానికీ చుట్టరికం ఉందని చెప్పండి. ఇవాళ పప్పు, కూరలు, పెరుగు తింటున్నాం కాబట్టి బెరిబెరి భయం లేదు. అయినా రెండుసార్లు కడిగి ఆపేయండి. మూడోసారికి చెయ్యి దానంతటదే వెళ్తే, ఆ నీళ్ళు కరివేపాకు మొక్కకు పోయండి.

రుచి చూడకుండా వండటం గురించి మీ కోడలితో పోటీ పెట్టుకోకండి. దేవుడికి పెట్టకముందు ఎంగిలి చేయకూడదన్నది మీ పద్ధతి, అందులో శుభ్రత కూడా ఉంది. రుచి చూసిన గరిటెను మళ్ళీ గిన్నెలో పెట్టడం నాకూ నచ్చదు. మధ్యేమార్గం మన ఇళ్ళలోనే ఉంది, గరిటెతో చుక్క అరచేతిలో వేసుకుని చూడటం. తనకు అది చూపించండి, ఉపన్యాసం ఇవ్వకుండా. న్యూస్‌పేపర్ విషయంలో మాత్రం మీ మాటే నెగ్గాలి. అచ్చు సిరాలో ఉండే రంగులు, రసాయనాలు వేడి నూనెతో పదార్థంలోకి దిగుతాయని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అనే కేంద్ర ఆహార భద్రత సంస్థ 2016లోనే హెచ్చరించింది. చిల్లుల పళ్ళెంలోకి తీయండి. లేకపోతే అరిటాకు ముక్క వేయండి.

ఇక్కడిదాకా పెన్సిల్ హాయిగా నడిచింది. పనమ్మాయి గ్లాసు దగ్గర ఆగింది.

పులిహోరకూ గ్యాస్‌కూ మధ్య ఒక్క వాక్యంలో రాసేశారు. ఉప్పు చేతికివ్వకపోవడం లాంటిదే ఇదీ అనుకుని రాశారని నాకు తెలుసు. కానీ ఒకసారి ఆ గ్లాసు తిరిగే దారి చూడండి. ఆ అమ్మాయి మీ గిన్నెలన్నీ తోముతుంది. మీరు తాగే గ్లాసు ఆమె చేతిలోనే శుభ్రపడి మీ దగ్గరికి వస్తుంది. ఆమె తాగిన గ్లాసు మాత్రం మీ అరలోకి రాకూడదు, ఎండకూ వానకూ గ్రిల్ మీద ఉండాలి. మన ఊళ్ళ టీకొట్లలో రెండు గ్లాసుల పద్ధతి అని ఒకటి ఉండేది. అది ఎవరికోసం పెట్టారో, ఎందుకు పెట్టారో మన వయసువాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు. గ్రిల్‌లో ఉన్నది ఆ రెండో గ్లాసే.

కోపం తెచ్చుకోకండి, నేనూ పెట్టినదాన్నే. పెళ్ళయిన పదేళ్ళదాకా మా పెరటి గూట్లో ఒక సత్తు గ్లాసు ఉండేది. ఒకరోజు మా ఇంట్లో పనిచేసే ఆవిడ కొంగులో చుట్టి తన గ్లాసు తనే ఇంటినుంచి తెచ్చుకుంది. ఏమీ అనలేదు. ‘ఇందులో పొయ్యండమ్మా’ అంది. ఆ రోజు నాకు టీ గొంతు దిగలేదు. మీ అత్తగారు నేర్పిన వంటలన్నీ ఉంచుకోండి, దీన్ని మాత్రం రేపు పొద్దున్నే మానేయండి. అందరినీ పిలిచి చెప్పక్కర్లేదు. మీకు పోసుకున్న గ్లాసుల్లోదే ఒకటి తీసి పోయండి. ఉప్పు చేతికి ఇవ్వకపోయినా టీ చేతికివ్వండి. మనవడు ‘లాభం’ ఒక్కటే నేర్చుకుని స్కూలుకు మోసుకెళ్తున్నాడనుకుంటున్నారా? ఆ గ్లాసును కూడా రోజూ చూస్తున్నాడు.

నూనె, అన్నం, ఈ రెండూ పొదుపు అలవాట్లు. ఒకప్పుడు ఇల్లు గడిచింది వీటివల్లే, కాబట్టి వీటిని నవ్వులపాలు చేయను. కానీ ఖర్చు ఇంట్లోవాళ్ళ ఒంటికి పడుతోంది. నూనె కాగిన కొద్దీ విరిగి వేరే పదార్థాలుగా మారుతుంది. ఆ మారినవి 25 శాతం మించిన నూనె వాడకూడదని 2018 జులై 1 నుంచి హోటళ్ళకు నిబంధన ఉంది. వాళ్ళ దగ్గర కొలిచే సాధనం ఉంటుంది, మనకు కళ్ళూ ముక్కే దిక్కు. గారెలు వేయడానికి మూకుడులో నూనె తక్కువ పోయండి, చిన్న మూకుడు పెట్టండి, మిగిలేదే తగ్గుతుంది. మిగిలినదాన్ని వడగట్టి రెండు రోజుల్లో పోపులకు వాడేయండి, మళ్ళీ దానిలో ఏదీ వేయించకండి. చిక్కబడినా, నురగ వచ్చినా, వాసన మారినా మొహమాటపడకండి. సింకులో పోస్తే పైపు మూసుకుపోతుంది, పాత సీసాలో పోసి మూతపెట్టి చెత్తలో వేయండి.

అన్నం సంగతి ఇంకొంచెం గట్టిగా చెప్పాలి. ‘మా అత్తగారు చద్దన్నమే తినేవారు’ అంటారని తెలుసు. తరవాణి కుండ వేరు, మీ గట్టు మీది గిన్నె వేరు. తరవాణిలో అన్నం నీళ్ళలో పులుస్తుంది, ఆ పులుపే చెడ్డ క్రిములను చాలావరకు అదుపులో పెడుతుంది. మూతపెట్టిన పొడి అన్నంలో పులుపు ఉండదు, వేడి మాత్రం గంటలకొద్దీ నిలుస్తుంది. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి విత్తనాల్లాంటి రూపంలో ఉంటుంది, ఎసట్లో ఉడికినా చావదు. గోరువెచ్చటి అన్నంలో అది మొలిచి పెరుగుతుంది. అది వదిలే ఒకరకం విషం పొద్దున్న మీరు పోపు వేసి ఎంత వేయించినా పోదు. పిల్లాడికి ఎప్పుడైనా పులిహోర తిన్న గంటా రెండు గంటల్లో వాంతులయ్యాయా? అయితే గుర్తుచేసుకోండి. ఎండాకాలం హైదరాబాద్ వంటిల్లు రాత్రిపూట కూడా ఉడుకుతూనే ఉంటుంది. భోజనాలు కాగానే అన్నం పళ్ళెంలో పరిచి చల్లార్చి, రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లో పెట్టేయండి. పొద్దున్న పులిహోరకు అది విడివిడిగా, ఇంకా బాగుంటుంది. ఇది మాత్రం రుచి కోసం చెబుతున్న మాట.

ఇప్పుడు గ్యాస్. మిగతావన్నీ మీరు దీని చుట్టూ పేర్చారని నా అనుమానం. మీరు ఉత్తరం రాసిందీ దీనికోసమే.

రాత్రి గ్యాస్ చూసుకోవడం మంచి అలవాటు, ఒక్కసారి అయితే. వంట గ్యాస్‌కు సొంత వాసన ఉండదు, లీకైతే తెలియాలని ఘాటు వాసన కలుపుతారు. అది గాలికంటే బరువు, నేలమీద పరుచుకుంటుంది. పైగా అరవై దాటాక చాలామందికి ముక్కు చురుకు తగ్గుతుంది, కాబట్టి వాసన మీద ఒక్కదానిమీదే మీరు ఆధారపడకూడదు. ఉప్పు సంగతి కూడా ముక్కుతోనే తేలుస్తున్నానన్నారు, ఈమధ్య కూరల్లో ఉప్పు గురించి ఎవరైనా ఏమైనా అంటున్నారేమో ఒకసారి గమనించండి. భయం తగ్గడానికి పనికొచ్చే పనులు పగటిపూటవి. రబ్బరు పైపు మీద గడువు అచ్చేసి ఉంటుంది, మామూలుగా ఐదేళ్ళు, అది దాటితే మార్పించండి. రెగ్యులేటర్ దగ్గర సబ్బునీళ్ళు రాసి బుడగలు వస్తున్నాయేమో అబ్బాయిని చూడమనండి. గోడకు, నేలకు దగ్గరగా పెట్టే గ్యాస్ అలారం ఒకటి కొనిపించండి. లీకు అనుమానం వస్తే ఫోన్ చేయడానికి 1906 అని తలుపు వెనక రాసిపెట్టండి. అప్పుడు లైటు స్విచ్ కూడా వేయకూడదని మీకు తెలిసే ఉంటుంది.

ఇవన్నీ చేసినా రాత్రి గుబులు పోదని నాకు తెలుసు. 2003లో నెదర్లాండ్స్‌లో ఇద్దరు పరిశోధకులు ఒక తమాషా ప్రయోగం చేశారు. కంప్యూటర్ తెరమీద గ్యాస్ స్టవ్ బొమ్మ పెట్టి, కొందరి చేత దాన్ని పదేపదే వెలిగించి, ఆర్పి, ఆరిందో లేదో చూడమన్నారు. మిగతావాళ్ళ చేత వేరే వస్తువుతో ఆ పని చేయించారు. చివర్లో, ‘ఆఖరుసారి స్టవ్‌లో ఏ నాబ్‌లు తిప్పారు’ అని అడిగారు. పదేపదే స్టవ్ చూసినవాళ్ళు కూడా సరిగ్గానే చెప్పారు. కానీ చెప్పినదాని మీద వాళ్ళకు నమ్మకం లేదు. జ్ఞాపకం మసకగా ఉందన్నారు. అర్థమైందా అక్కయ్యా? నాలుగోసారి లేచి చూడటంవల్ల మీకు ధైర్యం రావట్లేదు, మొదటిసారి చూసిన జ్ఞాపకం చెరిగిపోతోంది. ఒకే పలక మీద మళ్ళీ మళ్ళీ రాసి తుడిచినట్టు.

అందుకని ఒకటి ప్రయత్నించండి. పడుకునే ముందు రెగ్యులేటర్ కట్టేసి, చేత్తో తాకి, పైకి ఒక మాట అనండి. రోజుకో మాట. ‘ఇవాళ సోమవారం, కాకరకాయ వండాను, గ్యాస్ కట్టేశాను’ అని. రేపు కాకరకాయ ఉండదు కాబట్టి ఆ రాత్రి జ్ఞాపకం ఇంకో రాత్రితో కలిసిపోదు. తర్వాత లేవాలనిపిస్తే పదినిమిషాలు లేవకుండా పడుకోండి. గుబులు ముందు పెరుగుతుంది, తర్వాత దానంతటదే దిగుతుంది. ‘కట్టేశానా’ అని అబ్బాయిని కూడా అడగొద్దు, అడగడం కూడా లేచి చూడటంతో సమానమే. నాలుగు మూడై, మూడు రెండైతే చాలు, నెల పట్టనివ్వండి.

‘మావారున్నప్పుడు రెగ్యులేటర్ ఆయనే కట్టేసేవారు’ అని రాశారు. ఆ వాక్యం దగ్గర కాసేపు కూర్చుండిపోయాను. అన్నేళ్ళు ఒక మనిషి వంటింట్లోకి వెళ్ళి, చప్పుడు చేసి, లైటు తీసి వచ్చి పడుకుంటే, ఆ చప్పుడు విని మీకు నిద్ర పట్టేది. ఇప్పుడు ఆ చప్పుడు లేదు. మీరే లేచి వెళ్ళి వెతుకుతున్నారు. ఇది మీ కొడుక్కి తెలుసా? చెప్పి చూడండి. విసుక్కున్నది లైటు గురించే గానీ ఈ సంగతి తెలిసి కాదు. రాత్రి రెగ్యులేటర్ కట్టేసే పని కొన్నాళ్ళు అతనికే అప్పగించడం కూడా మంచిదే, మీ పక్క దాకా ఆ చప్పుడు వినపడుతుంది.

ఇక డాక్టర్ మాట. కోడలు ‘మెల్లగా’ అంది అని మీరే రాశారు. రాత్రి మీరు లేస్తున్నది చూసి, తెల్లారేదాకా ఆగి, నలుగురిలో అనకుండా మీతో మాత్రమే అన్న పిల్ల అది. నెల తర్వాత కూడా తగ్గకపోతే, లేదా గ్యాస్‌తో ఆగకుండా తాళాలు, కుళాయిలు, చేతులు కడగడం దాకా పాకితే, రోజులో అన్నీ కలిపి గంటకు మించితే, అప్పుడు తన మాటే వినండి. అలాంటిదాన్ని ఓసీడీ అంటారు, దానికి మంచి చికిత్స ఉంది. నేను చెప్పిన పదినిమిషాల పద్ధతినే వాళ్ళు ఇంకా ఓపిగ్గా, క్రమంగా చేయిస్తారు, అవసరమైతే మందులిస్తారు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళడం ఇష్టంలేకపోతే 14416కు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టిన టెలిమానస్ అది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

ఈ ఆదివారం కోడలు తీరిగ్గా ఉన్నప్పుడు మీరే ముందు మొదలుపెట్టండి. నూనె, అన్నం, గ్లాసు, నేను మానేస్తున్నాను అనండి. న్యూస్‌పేపర్ నువ్వు మానేయి అనండి. ‘లాభం’ మాత్రం నాతోనే ఉంటుందని నవ్వుతూ చెప్పండి. స్నేహితులు నవ్వుతారని తను ఏదైనా దాచుకుందేమో అడగండి కూడా. ఆ వయసు పిల్లలకూ ఉంటాయి. కప్పు తన కప్పే కావాలనో, కూరగాయలు కోసే చాకు వేరేవాళ్ళు వాడకూడదనో. చెబితే నాకు రాయండి, నా విజిళ్ళకు తోడు దొరుకుతుంది.

వచ్చే ఎండాకాలం ఆవకాయ పెట్టాక, మూడో రోజు తిరగకలిపేటప్పుడు మనవడిని పక్కన కూర్చోబెట్టుకోండి. కలిపే చెయ్యి వాడిదే కానివ్వండి. చేతులు తడి లేకుండా తుడుచుకున్నాడో లేదో మాత్రం చూడండి, అక్కడ నాలుగైదుసార్లు చూసినా ఎవరూ ఏమీ అనరు.